1982 మే 25: రెండు ఓడలను ముంచింది ఎక్సోసెట్ గొప్పతనం కాదు

"దక్షిణ అట్లాంటిక్‌లోని ఫాక్లాండ్స్ దీవుల కోసం అర్జెంటీనాతో జరిగిన యుద్ధంలో బ్రిటన్ ఒకేరోజు కోవెంట్రీ, అట్లాంటిక్ కన్వేయర్ నౌకలను ఎలా కోల్పోయింది? ఓడలను కొట్టే ఎక్సోసెట్ క్షిపణి అంత భయంకరమైన ఆయుధమా?" అని అడిగారు.

ముందు ఒకటి సరిచేయాలి. కోవెంట్రీకి తగిలినవి మామూలు బాంబులు. యూట్యూబ్ వీడియోలు అన్నీ ఎక్సోసెట్ ఖాతాలో వేసేస్తున్నాయి, అది ఆ బాంబులు వేసిన అర్జెంటీనా స్కైహాక్ విమానాల పైలట్లకు చేస్తున్న అన్యాయం.

శాన్ కార్లోస్ తీరంలో దిగిన బ్రిటిష్ సైన్యం మీదికి అర్జెంటీనా విమానాలు వెళ్లకుండా కోవెంట్రీ, బ్రాడ్‌స్వర్డ్ యుద్ధనౌకలు పెబుల్ దీవికి ఉత్తరాన కాపు కాశాయి. కోవెంట్రీ దగ్గర దూరం కొట్టే సీ డార్ట్ క్షిపణులు, బ్రాడ్‌స్వర్డ్ దగ్గర దగ్గరి లక్ష్యాలకు సీ వుల్ఫ్ క్షిపణులు. ఎత్తులో వచ్చే విమానానికి సీ డార్ట్ యముడే, ఆ రోజే అంతకుముందు కోవెంట్రీ దాంతో స్కైహాక్‌లను కూల్చింది. కానీ కొండల మీదుగా నేలబారుగా వస్తే నేల నుంచి తిరిగొచ్చే రాడార్ ప్రతిధ్వనుల్లో విమానం దొరకదు.

మధ్యాహ్నం నాలుగు స్కైహాక్‌లు రెండు జంటలుగా సరిగ్గా అలాగే వచ్చాయి. మొదటి జంట పక్కపక్కనే రావడంతో సీ వుల్ఫ్ కంప్యూటర్ తికమకపడి రీసెట్ అయిపోయింది. ఒక బాంబు నీటి మీద ఎగిరి, బ్రాడ్‌స్వర్డ్ పక్కను చీల్చుకుని పైకి వచ్చి, లింక్స్ హెలికాప్టర్ ముక్కు విరగ్గొట్టి, పేలకుండా సముద్రంలో పడింది. ఫ్యూజ్ సిద్ధం కావాలంటే బాంబు కొంతసేపు గాల్లో ఉండాలి. మరీ కింద నుంచి వదిలితే ఆ వ్యవధి ఉండదు, పైకి లేస్తే క్షిపణి తగులుతుంది. అర్జెంటీనా పైలట్ల ఇరకాటం అదే.

రెండో జంట మీద సీ వుల్ఫ్ గురి కుదిరింది. అప్పుడే కోవెంట్రీ తన పక్క భాగం కనపడకుండా గట్టిగా కుడికి తిరిగి, బ్రాడ్‌స్వర్డ్ గురికి అడ్డం వచ్చేసింది. మూడు బాంబులు తగిలాయి, రెండు పేలాయి. సుమారు 20 నిమిషాల్లో ఓడ బోల్తా పడింది. 19 మంది పోయారు.

అట్లాంటిక్ కన్వేయర్ సంగతి వేరు. గాల్లోనే ఇంధనం నింపుకున్న రెండు అర్జెంటీనా సూపర్ ఎటెండార్డ్ విమానాలు ఉత్తరం వైపు నుంచి చుట్టి వచ్చి చెరో ఎక్సోసెట్ వదిలాయి. యుద్ధనౌకలు రాడార్‌ను మభ్యపెట్టే చాఫ్ చల్లి తప్పించుకున్నాయి. చాఫ్ దాటొచ్చిన క్షిపణులకు ఎదురుగా దొరికింది చాఫ్ గొట్టాలు కూడా లేని ఈ సరుకు ఓడ. 12 మంది పోయారు. మూడు చినూక్, ఆరు వెసెక్స్ హెలికాప్టర్లు కాలిపోయాయి. సైనికులు బరువులు మోసుకుంటూ తూర్పు దీవి అంతా నడవాల్సి వచ్చింది అందుకే.

అసలు లోపం గాల్లో రాడార్ లేకపోవడం. సముద్రానికి 15 మీటర్ల ఎత్తులో వచ్చే విమానం ఓడ రాడార్‌కు సుమారు 35-40 కిలోమీటర్ల దగ్గర గానీ కనపడదు. గంటకు 800 కిలోమీటర్ల వేగానికి అది మూడు నిమిషాల లోపే, మధ్యలో కొండలుంటే ఇంకా తక్కువ. అదే రాడార్ 3 కిలోమీటర్ల ఎత్తులో ఉంటే సుమారు 240 కిలోమీటర్ల నుంచే పట్టొచ్చు, పావుగంటకు పైగా వ్యవధి దొరుకుతుంది. ఆ పని చేసే గానెట్ విమానాలను పాత విమానవాహక నౌక ఆర్క్ రాయల్‌తో పాటే 1978లో పక్కన పెట్టేశారు. విమానవాహక నౌక హెర్మీస్ (1987 నుంచి 2017 వరకు మన ఐఎన్ఎస్ విరాట్) మీద హారియర్ యుద్ధవిమానాలు ఉన్నా, వాటిని ఎటు పంపాలో ముందుగా చెప్పే కన్ను లేదు. ఒక్క గానెట్ ఉంటే ఆ రెండు ఓడలూ దక్కేవని నా గట్టి నమ్మకం.

సెర్చ్‌వాటర్ రాడార్ బిగించిన సీ కింగ్ హెలికాప్టర్లు సముద్రం మీదికి వెళ్లింది 1982 ఆగస్టులో, అర్జెంటీనా లొంగిపోయాక.