ఇంటర్వ్యూకి ముందు కంపెనీ గురించి, దాని పరిశ్రమ గురించి లైబ్రరీలో ఎలా తెలుసుకోవాలి?

మూడు వారాల్లో మీకు ఒక మధ్యతరహా తయారీ కంపెనీలో ఇంటర్వ్యూ ఉంది. ఇంటర్నెట్‌లో వెతికితే ఆ కంపెనీ వెబ్‌సైటూ దాని ప్రకటనలూ తప్ప ఇంకేమీ కనబడటం లేదు. ఎవరో లైబ్రరీకి వెళ్ళమన్నారట, అక్కడ ఇలాంటివి నిజంగా ఉంటాయా అని మీరు అడిగారు. ఉంటాయండి. నేను ఈ పని ఆలస్యంగా నేర్చుకుని నష్టపోయినవాణ్ణి, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

మొదటి ఉద్యోగంలో చేరేముందు నేను చేసిన పరిశోధనంతా ఆ కంపెనీ వెబ్‌సైట్ చదవడమే. వేగంగా ఎదుగుతున్న సంస్థ అని రాసుకున్నారు, నమ్మాను. చేరిన ఎనిమిది నెలలకు మా విభాగం మూసేశారు. అమ్మకాల్లో సగానికి పైగా ఒకే కొనుగోలుదారు మీద నడిచేవట, ఆ కొనుగోలుదారు వేరే చోటికి మారిపోయాడు. ఉద్యోగం పోయినందుకు పడ్డ బాధ ఒకటైతే, ఆ సంగతి నేను చేరకముందే వార్షిక నివేదిక చివర నోట్స్‌లో రెండే రెండు వాక్యాల్లో అచ్చయి ఉందని తెలిసినప్పటి బాధ ఇంకొకటి. అది దాచిన విషయం కాదు. ఐఎఫ్‌ఆర్‌ఎస్ 8 అనే అంతర్జాతీయ లెక్కల ప్రమాణం ప్రకారం ఏ ఒక్క కొనుగోలుదారు నుంచైనా ఆదాయంలో 10 శాతం, అంతకన్నా ఎక్కువ వస్తుంటే ఆ మాట చెప్పి తీరాలి. పేరు చెప్పనక్కర్లేదు. ఎక్కడ చూడాలో తెలిసినవాళ్ళకు అది కనబడేది. నాకు తెలియదు.

రెండోసారి ఒక అట్టపెట్టెల తయారీ కంపెనీ నుంచి పిలుపొచ్చినప్పుడు నిజంగా టెన్షన్ పట్టుకుంది. లైబ్రరీకి వెళ్ళి, రిఫరెన్స్ డెస్క్ దగ్గరున్న లైబ్రేరియన్‌తో "మేడమ్, ఈ కంపెనీ గురించి ఏమున్నా కావాలి" అన్నాను. ఆవిడ కంప్యూటర్ వైపు తిరగలేదు, ముందు నన్నే ప్రశ్నలు వేశారు. "ఇది రిజిస్టరైన పేరేనా, బ్రాండు పేరా? షేర్లు స్టాక్ ఎక్స్ఛేంజీలో ఉన్నాయా? వెనక మాతృసంస్థ ఏదైనా ఉందా?" ఒక్కదానికీ నా దగ్గర జవాబు లేదు.

అరగంటలో ఆ మూడూ తేలాయి. పెట్టెల మీద అచ్చయ్యే పేరు వేరు, రిజిస్టరైన పేరు వేరు. ఆ కంపెనీ షేర్లు మార్కెట్లో లేవు. కానీ రెండేళ్ళ కిందట దాన్ని ఒక పెద్ద గ్రూపు కొన్నది, ఆ గ్రూపు షేర్లు మార్కెట్లో ఉన్నాయి. అంటే నేను వారం రోజులుగా వెతికింది తప్పు పేరు మీద! మీరు కూడా మొదట ఈ మూడు ప్రశ్నలకే జవాబు పట్టుకోండి. ఎక్కడ వెతకాలన్నది వాటిమీదే ఆధారపడుతుంది. షేర్లు ప్రజలకు అమ్మే కంపెనీ చాలా విషయాలు బయటపెట్టక తప్పదు. ప్రైవేటు కంపెనీ విషయంలో దేశానికో తీరు. బ్రిటన్‌లో ప్రైవేటు కంపెనీలు కూడా కంపెనీస్ హౌస్‌కు లెక్కలు పంపాలి, ఆ పత్రాలను 2015 నుంచి ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. అమెరికాలో మామూలు ప్రైవేటు కంపెనీ తన లెక్కలు జనానికి చూపించాల్సిన పని లేదు.

తర్వాత ఆవిడ కంపెనీని పక్కన పెట్టమన్నారు. ముందు పరిశ్రమ చూడండి, కంపెనీ దగ్గరికి మళ్ళీ వద్దాం అన్నారు. ఇంటర్వ్యూ కంపెనీలో కదా, పరిశ్రమంతా నాకెందుకు అనిపించింది. ఇప్పుడు ఎవరైనా అడిగితే ముందు పరిశ్రమ చూడమనే నేనూ చెబుతాను. పరిశ్రమ తెలియకపోతే కంపెనీ చెప్పిన ఏ అంకెనూ తూచలేం. నాలుగు శాతం లాభం అంటే మంచిదా చెడ్డదా? కిరాణా సరుకుల వ్యాపారంలో అది గొప్ప, సాఫ్ట్‌వేర్‌లో అది తక్కువ.

పరిశ్రమను వెతకడానికి పేరు కన్నా కోడ్ మేలు. ప్రపంచంలోని వ్యాపారాలన్నిటినీ వర్గాలుగా విడగొట్టి అంకెలిచ్చిన పద్ధతులున్నాయి. ఐక్యరాజ్యసమితి 1948లో ఆమోదించినదాన్ని ఐసిక్ (ISIC) అంటారు. అమెరికా, కెనడా, మెక్సికో కలిసి 1997లో తెచ్చుకున్నది నేక్స్ (NAICS). అంతకుముందు అమెరికాలో వాడింది ఎస్‌ఐసీ (SIC), 1930ల నాటిది, ఇప్పటికీ చాలా డేటాబేసుల్లో కనబడుతుంది. అట్టపెట్టెల తయారీకి ఐసిక్‌లో 1702, నేక్స్‌లో 322211, పాత ఎస్‌ఐసీలో 2653. నేక్స్ కోడ్‌లో కుడివైపు నుంచి అంకెలు తీసేస్తూ పోతే వర్గం పెద్దదవుతుంది, 322 దగ్గర ఆగితే కాగితం, కాగితపు ఉత్పత్తుల తయారీ మొత్తం వస్తుంది. ఇంగ్లీషులో బాక్స్ అని కొట్టినప్పుడు నాకు సినిమాల బాక్సాఫీసు వార్తలు కూడా వచ్చాయి, కోడ్ కొట్టాక అచ్చంగా ఆ వ్యాపారమే వచ్చింది. ఒక జాగ్రత్త మాత్రం ఉంది. కోడ్ సాధారణంగా కంపెనీ చేసే ప్రధానమైన పనిని బట్టి ఇస్తారు. నాలుగు రకాల వస్తువులు చేసే కంపెనీ ఒకే కోడ్ కింద ఉండి, మిగతా మూడూ కనబడకపోవచ్చు. కొత్తగా పుట్టిన పరిశ్రమలు 'ఇతరములు' కిందే చాలాకాలం ఉండిపోతాయి.

నాకు అన్నిటికన్నా ఎక్కువ ఉపయోగపడింది ట్రేడ్ పత్రికలు. ప్రతి పరిశ్రమకూ ఆ వ్యాపారంలో ఉన్నవాళ్ళు మాత్రమే చదివే పత్రికలుంటాయి. ఒకరి సంగతులు ఒకరికి తెలియడం కోసం అవి రాసుకుంటారు కాబట్టి వాటిలో డాబు తక్కువ. యంత్రం ఎక్కడ ఆగిపోతోంది, ముడిసరుకు ఎందుకు దొరకడం లేదు, ఎవరు ఎక్కడ కొత్త ప్లాంటు పెడుతున్నారు, ఇలాంటివే ఉంటాయి. సెర్చ్ ఇంజిన్‌లో ఇవి సరిగా దొరకవు, చాలావరకు చందా కడితేనే తెరుచుకుంటాయి. లైబ్రరీలు చందా కట్టే ఏబీఐ ఇన్ఫార్మ్, బిజినెస్ సోర్స్, ఫ్యాక్టివా లాంటి డేటాబేసుల్లో ఏళ్ళ తరబడి సంచికలుంటాయి. ఏబీఐ ఇన్ఫార్మ్ అయితే 1971 నుంచి నడుస్తోంది. లైబ్రరీ కార్డు ఉంటే కొన్నిటిని ఇంటి నుంచే తెరవచ్చు.

వాటిని రెండు రోజులు చదివితే అట్టపెట్టెల వ్యాపారం నాకు వేరేలా కనబడింది. మడిచి పంపినా పెట్టె స్థలం తినే సరుకు, దాని విలువతో పోలిస్తే రవాణా ఖర్చు ఎక్కువ. అందుకే ప్లాంట్లు కొనుగోలుదారులకు దగ్గర్లోనే ఉంటాయి, వందల మైళ్ళ దూరంలో ఉన్న కంపెనీ నిజమైన పోటీ కాదు. ముడిసరుకు కాగితం, అందులో పెద్ద భాగం పాత అట్టల నుంచే మళ్ళీ తయారవుతుంది, కాబట్టి చిత్తుకాగితం ధర కదిలితే అందరికీ గుబులే. కాగితం ధర ఇవాళ పెరిగినా, పెట్టె ధర పెరగడానికి ఒప్పందాల వల్ల నెలలు పట్టవచ్చు. ఆ మధ్యకాలంలో లాభం నలిగిపోతుంది. ఇంటర్వ్యూలో నన్ను ఏమైనా అడగాలా అన్నప్పుడు, "కాగితం ధర పెరిగితే అది మీ కొనుగోలుదారుకు చేరడానికి ఎన్నాళ్ళు పడుతుంది సర్?" అన్నాను. అప్పటిదాకా కాగితాలు చూస్తూ మాట్లాడుతున్న ఆ మేనేజర్ తలెత్తి, పావుగంట పైనే దాని గురించి చెప్పారు.

మీ కంపెనీ ప్రైవేటుదైతే, దానికి పోటీగా ఉండి షేర్లు మార్కెట్లో ఉన్న కంపెనీని పట్టుకోండి. ఇది చాలామందికి తట్టని దారి. అమెరికా కంపెనీలైతే ఏటా టెన్-కె (10-K) అనే నివేదిక అక్కడి షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ ఎస్‌ఈసీకి ఇవ్వాలి, అది ఎడ్గార్ అనే సైట్లో ఉచితంగా దొరుకుతుంది. పెట్టెల వ్యాపారంలో ఇంటర్నేషనల్ పేపర్, ప్యాకేజింగ్ కార్పొరేషన్ ఆఫ్ అమెరికా రెండూ అలా దాఖలు చేసేవే. అందులో ఐటమ్ 1 వ్యాపారం గురించి, 1ఎ ముప్పుల గురించి, 7 ఆ ఏడాది ఏం జరిగిందో యాజమాన్యం చెప్పుకునే మాట. ముప్పుల భాగం లాయర్లు రాసింది, పొడుగ్గా ఉంటుంది, అయినా ఓపిగ్గా చదవండి. నిరుటిదీ ఈ ఏటిదీ పక్కపక్కన పెట్టి కొత్తగా చేరిన పేరా ఏదో చూస్తే, వాళ్ళను కొత్తగా దేని గురించి భయం పట్టుకుందో తెలుస్తుంది.

వార్షిక నివేదికను నేనిప్పుడు వెనక నుంచి చదువుతాను. ముందుండే రంగుల పేజీలూ ఛైర్మన్ ఉత్తరమూ వాటాదారులను మెప్పించడానికి రాసినవి. వెనక ఆడిటర్ నివేదిక, నోట్స్ చట్టం అడిగింది కాబట్టి రాసినవి. కంపెనీ కొనసాగగలదా అన్న విషయంలో ఆడిటర్ ఏమైనా సందేహం చెప్పాడా, కోర్టు కేసుల వల్ల పడే అప్పులేమైనా ఉన్నాయా, యజమానుల బంధువుల కంపెనీలతో లావాదేవీలున్నాయా, ఏ విభాగం డబ్బు తెస్తోంది, ఏది తినేస్తోంది. ముందు ఇవి చూసి, ఆ తర్వాత ఛైర్మన్ ఉత్తరం చదివితే ఆయన ఏది చెప్పకుండా వదిలేశారో తెలిసిపోతుంది.

డైరెక్టరీల్లో అంకెలతో మాత్రం జాగ్రత్త. మా అట్టపెట్టెల కంపెనీ ఉద్యోగుల సంఖ్య మూడు డైరెక్టరీల్లో మూడు రకాలుగా ఉంది. కంగారుపడితే లైబ్రేరియన్ విడమర్చి చెప్పారు. ఒకటి ఆ ఒక్క ప్లాంటుది, ఒకటి గ్రూపు మొత్తానిది, మూడోది పాతది. ప్రైవేటు కంపెనీల అమ్మకాల అంకె చాలాసార్లు అంచనా మాత్రమే, అంచనా అని గుర్తు కూడా పక్కనే ఉంటుంది, మనం చూడం. కంపెనీల వివరాలు సేకరించి అమ్మే డన్ అండ్ బ్రాడ్‌స్ట్రీట్ లాంటి సంస్థల సమాచారం పనికిరాదని కాదు, అదెందుకు పుట్టిందో గుర్తుంటే చాలు. లూయిస్ టప్పన్ అనే వ్యాపారి 1841లో న్యూయార్క్‌లో దాని మూలసంస్థను పెట్టాడు. దూరపు ఊళ్ళ వర్తకులకు అప్పుమీద సరుకివ్వొచ్చా లేదా చెప్పడమే దాని పని. ఊరూరా ఉన్న లాయర్లలాంటివాళ్ళు రాసి పంపిన సమాచారాన్ని పెద్ద పుస్తకాల్లోకి ఎక్కించేవారు. అవి 2,500 పైచిలుకు ఇప్పటికీ హార్వర్డ్ బిజినెస్ స్కూల్ బేకర్ లైబ్రరీలో ఉన్నాయి. అప్పు తీరుస్తాడా అన్న ప్రశ్నకు ఇచ్చిన జవాబది. ఉద్యోగం ఇవ్వగలడా అన్నది మీ ప్రశ్న. దగ్గరివే అయినా రెండూ ఒకటి కాదు.

మార్కెట్ రిపోర్టుల్లో 'ఈ పరిశ్రమ ఇన్ని కోట్లు' అన్న అంకె కనబడగానే రాసుకోకండి. ముందు నిర్వచనం పేజీ తీయండి. అట్టపెట్టెలే లెక్కపెట్టారా, కాగితపు సంచులు కూడా కలిపారా, ఫ్యాక్టరీ ధరా, దుకాణం ధరా, ఏ ఏడాదిది? రెండు రిపోర్టులు గొడవపడుతున్నట్టు కనిపించినా, చాలాసార్లు రెండూ వేరువేరు వస్తువుల గురించి మాట్లాడుతుంటాయి.

పాత కంపెనీ అయితే బీరువాల్లో ఉండే మూడీస్ మాన్యువల్స్ లాంటి లావుపాటి సంపుటాలు కూడా తిరగేయండి. జాన్ మూడీ మొదటిది 1900లో వేశాడు, తర్వాత అవి మెర్జెంట్ పేరుతో వచ్చాయి. కంపెనీ ఎన్నిసార్లు పేరు మార్చుకుంది, ఎవరిలో కలిసింది, ఎవరి నుంచి విడిపోయింది అన్నది వాటిలో తేలిగ్గా దొరుకుతుంది. ఇంటర్వ్యూకి ఇంత అక్కర్లేదు కానీ నాకు ఇష్టమైన పని అది.

మూడు వారాలుంటే నేనైతే మొదటి వారం పూర్తిగా పరిశ్రమకే ఇస్తాను. రెండో వారం పోటీ కంపెనీల నివేదికలు, మాతృసంస్థ ఉంటే దాని నోట్స్. మీ కంపెనీ గురించిన వార్తలకూ డైరెక్టరీలకూ నాలుగు రోజులు చాలు, మిగిలిన రోజుల్లో అడగాల్సిన ప్రశ్నలు రాసుకోండి. ప్రతి అంకె పక్కనా ఎక్కడిది, ఏ ఏటిది, ఎవరు ఎవరి కోసం రాశారు అన్నవి రాయండి. నేను ఒకసారి రాసుకోక, అదే అంకె కోసం మళ్ళీ ఒక పూటంతా వెతికాను.

మీ లైబ్రరీలో ఈ డేటాబేసులు లేవంటే అక్కడితో ఆగిపోకండి. చాలా విశ్వవిద్యాలయాల లైబ్రరీలు బయటివాళ్ళను లోపల కూర్చుని వాడుకోనిస్తాయి, ముందు ఫోన్ చేసి కనుక్కోండి. ఒక వ్యాసమే కావాలంటే వేరే లైబ్రరీ నుంచి తెప్పించే ఏర్పాటు ఉంటుంది, దానికి కొన్ని రోజులు పడుతుంది కాబట్టి మొదటి వారంలోనే అడగాలి. డెస్క్ దగ్గరికి వెళ్ళినప్పుడు 'సమాచారం కావాలి' అనకుండా "ఫలానా తేదీన ఇంటర్వ్యూ ఉందండి, ఈ కంపెనీ రెండేళ్ళు నిలబడుతుందా లేదా తెలుసుకోవాలి" అని చెప్పండి. కంపెనీ ఏం తయారు చేస్తుందో కింద కామెంట్‌లో రాస్తే, దాని కోడ్ వెతకడంలో నేను సాయం చేస్తాను.