రాజీ మాట తప్పాక అప్పీలుకు వెళ్లే మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నీ చెక్కు బౌన్సు కేసు తీర్పు సంగతి నిన్న అక్క ఫోన్లో ఏడుస్తూ చెప్పింది. ఏడాది జైలు, 8 లక్షల పరిహారం అనేసరికి నాకూ గుండె గుబేలుమంది. నెల్లూరులో వకీలు గుమాస్తాగా 34 ఏళ్లు అప్పీలు కట్టలు మోసినవాణ్ణి కాబట్టి చెప్తున్నా. టెన్షన్ పక్కనపెట్టి ఇది రెండుసార్లు చదువు.

ముందు నువ్వు సంతకం పెట్టిన కాగితం ఏదో తేల్చుకో. ఊళ్లో అన్నిటినీ రాజీ అనే అంటారు గానీ చట్టానికి అవన్నీ ఒకటి కాదు. లోక్ అదాలత్‌లో అవార్డు, అంటే అక్కడి రాజీ తీర్పు, అయి ఉంటే దాని మీద అప్పీలు లేదు. ప్లీ బార్గెయినింగ్, అంటే నేరం ఒప్పుకుంటా శిక్ష తగ్గించండని బేరమాడుకునే దరఖాస్తు, పెట్టుకుని తీర్పు తెచ్చుకున్నా అంతే. ఇక మిగిలే దారి హైకోర్టులో రిట్టు, లేదంటే సుప్రీంకోర్టులో ప్రత్యేక అనుమతి కోరే స్పెషల్ లీవ్ పిటిషన్. అక్క చెప్పిన ప్రకారం నీది ఈ రెండూ కాదు. మేత డీలరుకిచ్చిన చెక్కు బౌన్సయిన కేసులో నేరం ఒప్పుకుని, నాలుగు వాయిదాల్లో కడతానని కోర్టులో మెమో, అంటే రాతపూర్వక హామీ, వేశావు. రెండు కట్టావు. గుంటలో రొయ్యకు తెల్లమచ్చ రోగం తగలగానే మూడోది ఆపేసి, కోర్టుకు కూడా మొహం చాటేశావు. నాకు బాధ కలిగింది అక్కడే నాయనా. డబ్బు లేకపోయినా ఆ రోజు వెళ్లి నిలబడి గడువు అడిగి ఉండాల్సింది.

నేరం ఒప్పుకున్నవాడు శిక్ష మీద మాత్రమే అప్పీలు వేయగలడు. శిక్ష ఎక్కువైందనో, చట్టప్రకారం లేదనో అనొచ్చు. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో అది 375వ సెక్షను, ఇప్పటి నాగరిక్ సురక్షా సంహితలో 416. కాబట్టి ఆ సంతకం నాది కాదు, ఖాళీ చెక్కు ఇచ్చాను అని ఎవరు నేర్పినా నోరెత్తకు. కట్టిన రెండు వాయిదాల బ్యాంకు స్టేట్‌మెంటు, గుంట పోయినట్టు చూపే ల్యాబ్ రిపోర్టు, ఇంట్లో నీ మీద ఆధారపడ్డవాళ్ల వివరాలు, ఇవే నీ బలం. మాట తప్పిన సంగతి దాచొద్దు. మనమే ముందు చెప్పి, ఎందుకు తప్పామో చెప్పుకోవాలి. అప్పీలు వేస్తే శిక్ష పెంచుతారేమోనని అక్క భయపడుతోంది. కేవలం నువ్వు వేసుకున్న అప్పీలులో పెంచడానికి లేదని ఆమెకు చెప్పు.

సెషన్స్ కోర్టుకు గడువు 30 రోజులు. జైలుశిక్ష పడినవాడికి తీర్పు నకలు ఉచితంగా ఇవ్వాలి, అడిగి తీసుకో. సర్టిఫైడ్ కాపీ చివరి పేజీ వెనక ముద్ర ఉంటుంది, అందులో దరఖాస్తు పెట్టిన తేదీ, కాపీ సిద్ధమైన తేదీ, చేతికిచ్చిన తేదీ చేత్తో రాసి ఉంటాయి. ఆ నకలుకు పట్టిన రోజులు 30లో కలవవు. అయినా వాటిని నమ్ముకోవద్దు. పొదలకూరు వైపు నిమ్మకాయల వ్యాపారి ఒకాయన తీర్పును ట్రంకుపెట్టెలో దాచి 52వ రోజున మా ఆఫీసు మెట్లెక్కాడు. ఆలస్యం మన్నించమని పిటిషన్ రాయడానికి ఒక్కో రోజుకూ కారణం అడుగుతుంటే ఆయన చేతిలో కండువా నలిగిపోయింది.

అప్పీలుతోపాటే శిక్ష నిలుపుదలకు పిటిషన్ వేయాలి. అప్పీలు వేసుకోవడానికని మెజిస్ట్రేటు ఇచ్చిన బెయిలు గడువు దాటకముందే సెషన్స్ కోర్టు ఉత్తర్వు చేతికి రావాలి. చెక్కు కేసుల్లో పరిహారంలో కనీసం 20 శాతం జమ చేయమని అప్పీలు కోర్టు ఆదేశించవచ్చు. 60 రోజులిస్తారు, సరైన కారణం చూపితే ఇంకో 30. నీ లెక్కలో అది 1 లక్షా 60 వేలు. బంగారం తాకట్టు పెట్టాలో, పొలం కౌలు డబ్బు ముందే అడగాలో ఇప్పుడే చూసుకో. ఈసారి కోర్టు చెప్పిన తేదీ తప్పితే జడ్జి ముందు వకీలు నోరు కూడా పెగలదు.

డీలరుతో మాట్లాడటం మానొద్దు. చెక్కు కేసు అప్పీలులో ఉన్నా రాజీ చేసుకోవచ్చు, అయితే ఆలస్యమయ్యేకొద్దీ ఖర్చుల కింద కొంత కట్టమంటారు. ఈసారి నువ్వు కట్టగలిగిన మొత్తమే ఒప్పుకో, పరువు కోసం పెద్ద అంకె చెప్పకు.

సోమవారం పొద్దున మొదటి బస్సుకే రా. తీర్పు, మెమో నకలు, బ్యాంకు స్టేట్‌మెంటు, ఆధార్, జామీనుదార్లిద్దరి కాగితాలు ఒకే సంచిలో పెట్టుకో. బస్టాండు దగ్గర ఎదురుచూస్తుంటా.

మీ మామయ్య