ఇంగ్లీషు దేశాలను కలిపేయమన్న లాయరు

ఇంగ్లీషు మాట్లాడే దేశాలు ఒక్కటి కావాలని వాదించిన పాత రచయితల్లో, పెద్దగా ఎవరికీ తెలియనివారు ఉన్నారా, వారిని చదవవచ్చా అని అడిగారు. జాన్ రాండాల్ఫ్ డాస్ పాసోస్‌ను చదవండి. నవలాకారుడు జాన్ డాస్ పాసోస్‌కు తండ్రి, న్యూయార్కులో పెద్ద లాయరు. 1903లో ‘ది ఆంగ్లో-సాక్సన్ సెంచరీ’ అనే పుస్తకం రాశారు. ఆంగ్లో-సాక్సన్లంటే ఇంగ్లీషు జాతివారు.

ఎం.ఏ. చరిత్రలో సెమినార్ పత్రం కోసం దాన్ని పూర్తిగా చదివాను. జాతి గొప్పతనం గురించిన పేజీలు విసుగు పుట్టించాయి. అసలు ప్రతిపాదనల దగ్గరికి వచ్చాక మాత్రం పుస్తకం వదలలేకపోయాను. కెనడా తనంతట తానే రాష్ట్రాలుగా విడిపోయి అమెరికాలో చేరాలి. అమెరికాకూ బ్రిటిష్ సామ్రాజ్యానికీ ఉమ్మడి పౌరసత్వం ఉండాలి. వ్యాపారానికి అడ్డంకులు ఉండకూడదు. తగాదాలు తీర్చడానికి మధ్యవర్తుల న్యాయస్థానం కావాలి. నాణేల సంగతి చూడండి: వాటి మీద బొమ్మలు వేరైనా ఫరవాలేదట, విలువ మాత్రం ఒకటే అయి ఎక్కడైనా చెల్లాలట. కల కంటున్నవాడు ఇంత దూరం ఆలోచించడు. ఇది ఒప్పందపత్రం రాసి అలవాటైన చెయ్యి.

అప్పటి పరిస్థితి తెలిస్తేనే ఈ ఆశ అర్థమవుతుంది. 1895లో వెనిజులా సరిహద్దు విషయమై అమెరికా, బ్రిటన్ యుద్ధం మాట దాకా వెళ్ళాయి. 1898లో స్పెయిన్‌తో అమెరికా యుద్ధం చేసినప్పుడు బ్రిటన్ మొగ్గు అమెరికా వైపే. మూడేళ్ళలో గాలి అంతగా మారింది.

ఈ పుస్తకం రాసిన లాయరు తండ్రి పోర్చుగీసువారి మదీరా దీవి నుంచి వలస వచ్చిన మనిషి. ఆ ఇంట్లో పుట్టినవాడు ఆంగ్లో-సాక్సన్లకు వకాల్తా పుచ్చుకున్నాడు! వలస వచ్చినవారి బిడ్డకు అంత సులువుగా తెరుచుకున్న తలుపు మనవాళ్ళకు తెరుచుకోలేదు. 1901 జనాభా లెక్కల్లో భారతదేశంలో 29 కోట్ల మందికి పైగా ఉన్నారు. సామ్రాజ్యంలో అత్యధికులు వీరే. ఉమ్మడి పౌరసత్వంలో గుంటూరు రైతుకు చోటెక్కడ? ఆ పేజీ మీద నా పెన్సిలు గీతలు చాలా ఉన్నాయి. 1923లో అమెరికా సుప్రీంకోర్టు, భారతదేశం నుంచి అక్కడికి వలస వెళ్ళిన భగత్ సింగ్ థింద్ కేసులో, చట్టం చెప్పే ‘తెల్లవాడి’ కిందికి ఆయన రాడని, పౌరసత్వానికి అర్హుడు కాడని తేల్చింది.

ప్రతిపాదనల అధ్యాయం ముందు చదివి, తర్వాత మొదటికి రండి. పక్కనే దాదాభాయి నౌరోజీ 1901 నాటి ‘పావర్టీ అండ్ అన్‌బ్రిటిష్ రూల్ ఇన్ ఇండియా’ పెట్టుకోండి. అదే సామ్రాజ్యం లెక్కలను రెండో వైపు నుంచి చూపిస్తుంది.