అర్ధరాత్రి ఒక్కరే మోయగలిగేదే మంచి పరుపు

నెల్లూరులో కొత్త కాపురం పెడుతున్నామని, పది కాలాల పాటు మన్నే పరుపు, దుప్పట్లు ఎలా ఎంచుకోవాలో, వాటిని ఎలా చూసుకోవాలో చెప్పమని అడిగారు. ఏ కంపెనీ మంచిదో కూడా చెప్పమన్నారు. కంపెనీ పేరు చెప్పను. నాకు తెలిసిన పరీక్ష ఒక్కటే. అర్ధరాత్రి కరెంటు లేనప్పుడు, ఇంట్లో ఉన్న ఒక్క మనిషి ఆ పరుపును చుట్టి భుజాన వేసుకుని మేడ మెట్లు ఎక్కగలరా, లేదా? ఎక్కగలిగితే కొనండి. నవ్వుకోండి, ఫరవాలేదు. 2021 నవంబరు దాకా ఈ మాట ఎవరైనా అంటే నేనూ నవ్వేవాడినే.

మాది పెన్న అవతలి గట్టు, కోవూరు వైపు. అప్పటికి ఇంట్లో రెండు పరుపులు ఉండేవి. ఒకటి మా అమ్మది, బూరుగుదూది పరుపు. నా పెళ్లికి ముందు వాకిట్లో చాప పరిచి, దూదేకులాయన్ను పిలిచి దగ్గరుండి కుట్టించింది. రెండోది మా అబ్బాయి బెంగళూరు నుంచి పంపిన ఫోము పరుపు. అట్టపెట్టెలో గట్టిగా కుదించి వచ్చింది. విప్పగానే బుసకొట్టినట్టు పొంగి మంచమంతా పరుచుకుంది. ఆరడుగుల వెడల్పు, ఎనిమిది అంగుళాల మందం, పదేళ్ల వారంటీ. వెల ఎంతో వాడు చెప్పలేదు కానీ, పెట్టెమీద అంటించిన చీటీ చూసి మా ఆవిడ రెండు రాత్రులు దానిమీద పడుకోవడానికి ఒప్పుకోలేదు.

ఒప్పుకున్నాక కూడా పైనున్న ప్లాస్టిక్ తొడుగు తీయనివ్వలేదు. ఇది మా ఇంటి జబ్బే కాదు. మా వీధిలో కొత్త పరుపు కొన్న ప్రతి ఇంట్లోనూ ఏళ్ల తరబడి ఆ తొడుగు అలాగే ఉంటుంది. పాడవకూడదట! మన దగ్గర వేసవిలో ఒళ్లు ఆరేదెప్పుడు? సముద్రపు గాలిలోని తేమ చాలదన్నట్టు, చెమట కిందికి దిగకుండా ప్లాస్టిక్ ఒకటి. రాత్రంతా మనిషి పక్కకు తిరిగినప్పుడల్లా కరకరమని చప్పుడు. మీరు పరుపు ఏది కొన్నా సరే, ఇంటికి రాగానే ముందు ఆ తొడుగు చించిపారేయండి.

ఇక ఆ రాత్రి సంగతి. నవంబరు 19న పైన, పెన్నలో కలిసే చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. పెన్న మీది సోమశిల జలాశయం నుంచి ఐదు లక్షల క్యూసెక్కులకు పైగా వదులుతున్నారని ఫోన్లలో వార్తలు తిరుగుతూనే ఉన్నాయి. పెన్నకు వరద మాకు కొత్తా, వస్తుంది పోతుంది అనుకుని పడుకున్నాం. నడిరాత్రి దాటాక మా ఆవిడ చెప్పుల కోసం కాలు కింద పెడితే చెప్పులకు బదులు నీళ్లు తగిలాయి. కరెంటు లేదు. బియ్యం మూట, పొయ్యి, సిలిండరు, పొలం కాగితాలు ఉన్న పెట్టె పైకి చేర్చేసరికి నీళ్లు పిక్కల దాకా వచ్చాయి.

మా ఆవిడ ఒక్కతే అమ్మ పరుపును చుట్టింది. దిండ్లు రెండూ మధ్యలో పెట్టి, పాత చీరతో కట్టి, భుజాన వేసుకుని మేడమీది గదిలో పడేసి వచ్చింది. మొత్తం ఐదు నిమిషాలు. నేను, పక్కింటి కుర్రాడు కలిసి ఫోము పరుపు మీద పడ్డాం. అది చుట్టుకోదు. ఫ్యాక్టరీలో మిషను చుట్టింది కానీ, మనిషి చేతికి లొంగదు. పట్టుకోవడానికి పిడి లేదు. ఎలాగో నిలబెట్టి ఈడ్చుకెళితే మెట్ల మలుపులో ఇరుక్కుంది. పైకి పోదు, కిందికి రాదు. మెట్ల కింద నీళ్లు, మెట్లమీద పరుపు, పరుపుకు అవతల మేము. చివరికి ఆ కుర్రాడు "అన్నా, వదిలెయ్యి" అన్నాడు. వదిలేస్తే జారిపోయి నీళ్లలో కూర్చుంది.

తెల్లవారాక చూస్తే అమ్మ మేడమీద తన పరుపుమీద కాళ్లు చాపుకుని కూర్చుని ఉంది. నన్ను చూసి, "వారంటీ కాగితం పైకి తెచ్చావా నాయనా?" అంది.

పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింది కట్ట కొట్టుకుపోయి రైళ్లు ఆగిపోయాయి కాబట్టి అబ్బాయి వెంటనే రాలేకపోయాడు. నీళ్లు తీశాక ఆ పరుపును నలుగురం కలిసి బయటికి లాగాం. బురదనీరు ఎంత తాగిందో ఏమో, తొక్కినకొద్దీ కారుతూనే ఉంది. మురుగు కలిసిన నీళ్లలో నానిన పరుపు వాడవద్దని, పారేయమని మందులివ్వడానికి వచ్చిన డాక్టరు చెప్పాడు. ఆ మాట ఏ పరుపుకైనా వర్తిస్తుంది, దూదిదైనా ఫోముదైనా. వారంటీ గురించి అడిగితే నీటిలో తడిసినదానికి లేదన్నారు. కాగితంలో చిన్న అక్షరాల్లో ఉండనే ఉందట.

వరదలు ఏటా వస్తాయా అంటారేమో. రావు. కానీ ఎండ ఏటా వస్తుంది. ఎత్తలేని పరుపు ఎండ మొహం చూడదు. చూసినా ఫోముకు, రబ్బరు పాలతో చేసిన లేటెక్సుకు నేరుగా ఎండ పడదు. పసుపుపచ్చగా మారి పొడిరాలుతుంది. ఇంత ఎండ ఉన్న జిల్లాలో ఎండకు పనికిరాని పరుపు కొనడం నాకైతే అర్థం కాదు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు కదా, ఆ ఎండకు నల్లులు ఒక లెక్కా? యాభై డిగ్రీల వేడి తగిలితే నల్లి బతకదు. మేడమీద నల్ల ప్లాస్టిక్ పట్టా కప్పి మధ్యాహ్నమంతా ఉంచితే పైవైపు ఆ వేడి రావచ్చు, లోపలి దాకా చేరుతుందని మాత్రం గట్టిగా చెప్పలేం. రెండో వైపుకూ వేడి తగిలేలా మధ్యలో ఒకసారి తిరగేయాలి.

బూరుగుదూది పోగు లోపల గొట్టంలా బోలుగా ఉంటుంది, పైన మైనం పూతలాంటిది ఉంటుంది. అందుకే తేలిక, అందుకే నీళ్లలో తేలుతుంది. ఒకప్పుడు ఓడల్లో వాడే ప్రాణరక్షక జాకెట్లలో దీన్నే నింపేవారు. కొనేటప్పుడు చిటికెడు దూది గ్లాసు నీళ్లలో వేసి వేలితో అదమండి. బూరుగుదూది మళ్లీ పైకి వస్తుంది. మిల్లుల్లో మిగిలిన తుక్కు దూది కలిపి ఉంటే అది నీరు పీల్చుకుని మునుగుతుంది. ఈ కల్తీ చాలా ఎక్కువ. పైన నాలుగు గుప్పిళ్లు మంచి దూది, నడుమ బనియన్ల ముక్కలు. నేను ఒకసారి దిండ్లు రెడీమేడుగా కొని, ఆరు నెలలకు విప్పి చూసి, బూరుగుకాయ పండుతుందని కాచుకుని కూర్చున్న చిలుకలా మొహం వేశాను. అందుకే ఎదురుగా నింపించుకోండి. తూకం మీరే చూడండి. నల్ల గింజలు ఏరించండి, లేకపోతే ఎలుకలకు అదే పిలుపు. పైగుడ్డ దట్టమైన నేతది కాకపోతే దూది సన్నగా బయటికి వస్తూనే ఉంటుంది. మధ్యమధ్య దారంతో ముడులు వేయించకపోతే ఏడాదిలో దూదంతా ఒక మూలకు చేరుతుంది.

ఎండలో వేసినప్పుడు మన ఆడవాళ్లు కర్రతో బాదుతారు. బాదకూడదు. ఆ పోగు పెళుసు, విరిగి పొడైపోతుంది. చేత్తో దులిపితే చాలు. తీసుకొచ్చిన వెంటనే పక్క వేయకుండా చల్లారనివ్వాలి. రెండు మూడేళ్లకోసారి విప్పి ఏకించాలి. నా చిన్నప్పుడు దూదేకేవాళ్లు విల్లు భుజాన పెట్టుకుని, దాని తీగను మీటుతూ వీధిలో వచ్చేవారు. ఆ మోత వినగానే పిల్లలం పరుగెత్తేవాళ్లం. ఇప్పుడు ఆటోలో మిషను పెట్టుకుని వస్తున్నారు. పని తొందరగా అవుతుంది కానీ, తూకం వేసి ఇచ్చి, తూకం వేసి తీసుకోండి. కొంత పొడి కింద పోవడం సహజం. మూడో వంతు పోతే సహజం కాదు.

న్యాయంగా ఒక మాట ఒప్పుకోవాలి. నడుము నొప్పి ఉన్నవారికి బూరుగుదూది పరుపు పనికిరాదు. మధ్యలో కుంగుతుంది. మా అబ్బాయి సంక్రాంతికి వచ్చినప్పుడు ఒక రాత్రి పడుకుని, పొద్దున నడుం పట్టుకుని లేచాడు. అలాంటివారు గట్టి కొబ్బరిపీచు పరుపు తీసుకుని పైన పలుచని దూది బొంత వేసుకోవచ్చు.

దుప్పట్ల దగ్గర మోసం వేరే రకం. అట్టమీద వెయ్యి పోగులని రాసి ఉంటుంది. చదరపు అంగుళంలో నిలువు పోగులు, అడ్డ పోగులు కలిపితే వచ్చే లెక్క అది. నిజంగా అన్ని పోగులు ఆ జాగాలో పట్టవు. రెండు మూడు సన్నపోగులు కలిపి పేనిన ఒక్క దారాన్ని రెండుగానో మూడుగానో లెక్కపెట్టి అంకె పెంచుతారు. మన ఎండలకు రెండు వందల నుంచి మూడు వందల లోపు ఉన్న సాదా నేత చాలు, గాలి ఆడుతుంది. నున్నగా జారే మెరుపు నేతలు షాపులో చేతికి హాయిగా ఉంటాయి, మే నెలలో ఒంటికి అంటుకుంటాయి. అంచు నుంచి ఒక పోగు లాగి వెలిగించండి. కాగితం కాలిన వాసన వచ్చి బూడిదైతే నూలు; ముడుచుకుని గట్టి పూసలా మారితే పాలియెస్టరు. గుడ్డను రెండు చేతులతో నలిపితే తెల్లటి పొడి రాలిందంటే అది గంజి బలమే, ఒక్క ఉతుకుతో తేలిపోతుంది. ఉతికితే కుదించుకుపోతుంది కాబట్టి పరుపు కొలతకు సరిగ్గా కాకుండా నాలుగు వైపులా జానెడు ఎక్కువ చూసుకోండి.

మీరుండే చోట బోరు నీళ్లు ఉప్పగా ఉంటే సబ్బుపొడి ఎక్కువ వేయడం వల్ల లాభం లేదు. నురగ రాదు, పొడి గుడ్డలోనే మిగిలి దుప్పటి అట్టలా బిగుసుకుంటుంది. పొడి తగ్గించి, జాడించడం ఒకసారి పెంచండి. మెత్తదనానికని పోసే సువాసన ద్రవాలు గుడ్డకు పూతలా పట్టి చెమట పీల్చనివ్వవు. రంగు దుప్పట్లు తిరగేసి ఆరేయండి.

ఏ రంగు బాగుంటుందని కూడా అడిగారు. అది మా ఆవిడను అడిగి చెబుదామనుకున్నాను. "మంచంమీద కూర్చుని పచ్చడన్నం తినే మగవాడు ఇంట్లో ఉంటే ముదురు రంగు, లేకపోతే వాళ్లిష్టం" అంది, నా చేతిలో కంచం వైపు చూస్తూ.