ప్రభుత్వం తగ్గాలని ఓటడగబోయే మా మేనకోడలికి

బరంపురం

చిరంజీవి అమ్మలుకి, అత్త దీవించి రాసేది.

ఒడిశా అసెంబ్లీకి నిలబడతానంటూ నువ్వు పంపిన కరపత్రం రెండుసార్లు చదివాను. మూడోసారి పక్కింటి కుర్రాడి చేత పైకి చదివించుకుని విన్నాను. నువ్వూ అలాగే చెయ్యి. రాసినవాళ్ళకు కనపడని తప్పు వినేవాళ్ళకు ఇట్టే దొరికిపోతుంది. ‘లిబర్టేరియన్’ దగ్గర ఆ అబ్బాయి నాలుక తడబడింది. అదేమిటి మామ్మా అని అడిగాడు. ఇలా చెప్పాను: నీ ఒళ్ళు, నీ ఇల్లు, నీ కష్టార్జితం నీవి. వాటి జోలికి ఎవరైనా వస్తే కాపాడడం సర్కారు పని. అంతకు మించి నీ గుమ్మంలో కాలు పెడితే, ఎందుకు పెట్టిందో సర్కారే నీకు చెప్పుకోవాలి. వాడికి అర్థమైంది. ఒడియాలో కూడా ఇంతే పొట్టిగా చెప్పొచ్చు. ఆ ఇంగ్లీషు మాట కొట్టేసి ఇది పెట్టు.

నేను ఒకసారి వార్డు కౌన్సిలరుగా గెలిచాను, ఒకసారి ఓడాను. నీ ఆలోచన నాకు నచ్చింది కాబట్టే ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందు నీ మొదటి వాక్యం చూద్దాం. ‘ప్రభుత్వం మన జీవితాల్లోంచి తప్పుకోవాలి’ అన్నావు. మన గంజాం జిల్లాలో ఆ మాటతో మొదలుపెడితే రెండో మాట ఎవరూ వినరు. 1999 అక్టోబరులో పన్నెండు రోజుల తేడాతో రెండు తుఫాన్లు వచ్చాయి. మొదటిది గోపాల్‌పూర్ దగ్గర, మన మీదే పడింది. రెండోది పారాదీప్ వైపు పడిన సూపర్ సైక్లోన్. దాదాపు పది వేల మంది పోయారు. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ మళ్ళీ గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. ఈసారి ముందుగానే పది లక్షల మంది దాకా ఖాళీ చేయించారు. పోయిన ప్రాణాలు పదుల్లోనే ఉన్నాయి. నా దగ్గర అప్పడాలు ఒత్తే ఆవిడది నోలియాల వాడ. మన తెలుగు మత్స్యకారులే, ఇక్కడ నోలియాలంటారు. నడవలేని వాళ్ళ అత్తగారిని ఒక కానిస్టేబుల్ వీపు మీద మోసుకుని స్కూలు బిల్డింగుకు చేర్చాడట. ఆవిడ ఆ సంగతి చెప్పినప్పుడల్లా కళ్ళు తుడుచుకుంటుంది. ఆవిడతో సర్కారు తప్పుకోవాలని ఎలా అంటావు? ఆ కానిస్టేబుల్, ఆ షెల్టరు, సత్వరం తీర్పు చెప్పే కోర్టు, ఇవి మనకు కావాలి, ఇంకా బాగా కావాలి. నీ కరపత్రం అక్కడ మొదలవ్వాలి. అక్కర్లేని చోట వేలు పెట్టే సర్కారుకు అక్కరైన చోట చేతులు చాలవని ఆ తర్వాత చెప్పు.

ఎక్కడ తగ్గాలో చెప్పడానికి పెద్ద కంపెనీల పన్నులతో మొదలుపెట్టావు. దాన్ని చివరి పేజీకి తోసెయ్. చిన్నవాళ్ళ మెడ మీద ఉన్న చెయ్యి చూపించు.

మీ మామయ్య పక్షవాతంతో మంచం పట్టిన ఏడాది నేను పచ్చళ్ళు, అప్పడాల వ్యాపారం మొదలుపెట్టానని నీకు తెలుసు. ఆ రోజుల్లో ఆవకాయ సీసాలో పెట్టి అమ్మాలంటే 1955 నాటి ఫ్రూట్ ప్రోడక్ట్స్ ఆర్డర్ కింద లైసెన్సు ఉండాలి. నిత్యావసర సరుకుల చట్టం కింద తెచ్చిన ఆర్డరు అది. సరుకు దాచేసి ధరలు పెంచేవాళ్ళ కోసం పెట్టిన చట్టం వచ్చి నా ఆవకాయ జాడీ మీద కూర్చుంది. ఒక ఏడాది రెన్యువల్ కాగితాలు మార్చిలోనే ఇచ్చాను. గది కొలత రాయలేదని ఒకసారి తిప్పి పంపారు. నీళ్ళ పరీక్ష కాగితం మీద తేదీ సరిగా లేదని ఇంకోసారి. మూడోసారి కారణం కూడా చెప్పలేదు. ఈలోగా మే నెల వచ్చేసింది, తొమ్మిది గంపల కాయ దింపించుకున్నాను. ఆవకాయకు కాయ టెంక కట్టాలి, పుల్లగా ఉండాలి, కొడితే ముక్క గట్టిగా తెగాలి. నలుగురు ఆడవాళ్ళు కత్తిపీటల ముందు కూర్చున్నారు, కాగితం మాత్రం రాలేదు. అయిదో రోజుకి కాయ తొడిమ దగ్గర పసుపు తిరిగింది. ఏడో రోజుకి బొటనవేలితో నొక్కితే సొట్ట పడింది. ఇల్లంతా పండు వాసన. ఆ వాసనకు ఎవరికైనా నోరూరుతుంది, నాకు మాత్రం ఆ వారం గుండె దడ పుట్టింది. అయినకాడికి అమ్మేసి, ఆడవాళ్ళ కూలి కోసం ఒక జత గాజులు కుదువ పెట్టాను. లైసెన్సు జూన్ చివర్లో వచ్చింది.

2011 ఆగస్టులో ఆ ఆర్డరు పోయి, తిండి సరుకులన్నిటికీ ఒకే చట్టం అమల్లోకి వచ్చింది. ఏడాదికి 12 లక్షల లోపు అమ్ముకునేవాళ్ళకు నూరు రూపాయల రిజిస్ట్రేషన్ చాలన్నారు. ఆ మార్పు వల్ల ఎవరి ప్రాణమైనా పోయిందని నేను వినలేదు. నాలాంటివాళ్ళు ఎంతోమంది ఊపిరి పీల్చుకున్నారు. నీ సభలో ఇలాంటిది ఒక్కటి చెబితే చాలు.

వెంటనే ఎవరో లేచి కల్తీ సంగతేమిటని అడుగుతారు. అడగాలి కూడా. 1998లో ఢిల్లీలో ఆవనూనెలో బ్రహ్మదండి గింజల నూనె కలిసి అరవై మందికి పైగా చనిపోయారు. పచ్చళ్ళమ్ముకున్న మనిషిగా నేను ఆ ప్రశ్నను తేలిగ్గా తీసుకోను. నా జవాబు ఇది: బజారులో సీసా కొని పరీక్ష చెయ్యి, విషముంటే నన్ను జైల్లో పెట్టు. సీసా మూత తెరవకుండా నా వంటగది కొలుస్తూ కాలం గడపకు.

కెందు ఆకు, అదే బీడీలు చుట్టే తునికాకు, ఏరేవాళ్ళ గురించి కూడా రాయి. దళారులు దోచుకుంటున్నారని 1973లో ఆ వ్యాపారమంతా సర్కారు చేతిలోకి తీసుకుంది. దోపిడీ నిజమే. కానీ కొనేవాడు ఒక్కడే అయ్యాక, ధర నచ్చకపోతే కట్ట నెత్తిన పెట్టుకుని ఇంకొకరి దగ్గరకు వెళ్ళే దారి ఆ మనిషికి లేకుండా పోయింది.

మన ఇంట్లో ఈ ఆలోచన నీతో మొదలవలేదమ్మా. మీ తాతయ్య నూలు దుకాణం మీద నక్షత్రం గుర్తు జెండా ఎగరడం నేను చూశాను. 1959లో రాజాజీ, రంగా, మసానీ కలిసి పెట్టిన స్వతంత్ర పార్టీ జెండా అది. ‘పర్మిట్-లైసెన్స్-కోటా రాజ్’ అన్న మాట రాజాజీదే. 1967లో ఆ పార్టీకి లోక్‌సభలో 44 మంది గెలిచారు. రంగా గారు మనకు పక్కనే శ్రీకాకుళం నుంచి వెళ్ళారు. అదే ఏడాది ఒడిశాలో జన కాంగ్రెస్‌తో కలిసి ప్రభుత్వమే ఏర్పాటు చేశారు. బలంగీర్ రాజావారు రాజేంద్ర నారాయణ్ సింగ్ దేవ్ ముఖ్యమంత్రి అయ్యారు. నాకప్పుడు పద్దెనిమిదేళ్ళు, ఓటు ఇరవై ఒకటికి గాని వచ్చేది కాదు. తాతయ్య వీధంతా బెల్లం పంచారు. 1971 మొదట్లో ఆ ప్రభుత్వం పోయింది. 1974లో పార్టీయే భారతీయ లోక్‌దళ్‌లో కలిసిపోయింది.

ఎందుకు నిలవలేదో తాతయ్య ఎప్పుడూ చెప్పలేదు. నాకు తోచింది చెబుతాను. రైతుల పేరు ఎంత చెప్పినా, చూసేవాళ్ళకు అది రాజులూ షావుకార్ల పార్టీగానే కనపడింది. ఇంకొకటి నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది. స్వేచ్ఛ పేరుతో వచ్చిన ఆ ప్రభుత్వమే 1967లో ఒడిశా మత స్వేచ్ఛ చట్టం తెచ్చింది. బలవంతంగా గానీ, మోసంతో గానీ, ప్రలోభపెట్టి గానీ మతం మార్చకూడదన్నారు. ఒకరిని బలవంతపెట్టడం, మోసగించడం తప్పని ఎవరైనా ఒప్పుకుంటారు. ప్రలోభమంటే ఏమిటో తేల్చే పని మాత్రం పోలీసుల చేతికి పోయింది. హైకోర్టు కొట్టేసింది, 1977లో సుప్రీంకోర్టు నిలబెట్టింది. నీ మాట రేపు పర్లాకిమిడి కొండల దాకా వెళుతుంది. అక్కడ సవరల్లో చాలామంది చర్చికి వెళతారు. వ్యాపారానికి గొంతెత్తి స్వేచ్ఛ అడిగి, వాళ్ళ ప్రార్థన దగ్గరకొచ్చేసరికి నీళ్ళు నమిలావంటే, నీ స్వేచ్ఛంతా గల్లాపెట్టె వరకే అనుకుంటారు. అలా అనుకోవడం న్యాయమే.

నీ కాగితంలో అసలు లేనిది ఒకటి చేర్చు. ఒడిశాలో పంచాయతీకి నిలబడాలంటే ఇద్దరికి మించి పిల్లలుండకూడదని 1990ల నుంచి నిబంధన ఉంది. అది ఎమ్మెల్యేకు లేదు, ఎంపీకి లేదు. భువనేశ్వర్‌లో కూర్చుని చట్టం చేసే మనిషికి అయిదుగురున్నా పరవాలేదు, ఊళ్ళో వార్డు మెంబరుకు మూడో బిడ్డ పుడితే పదవి పోతుంది. ఎంతమందిని కనాలో తనంతట తను తేల్చుకోగలిగే ఆడవాళ్ళు ఎంతమంది ఉన్నారు? మొగపిల్లాడు కావాలని అత్తగారంటుంది, ఆపరేషన్‌కు మొగుడు ఒప్పుకోడు, శిక్ష ఆమెకు పడుతుంది. చికిటి వైపు పొదుపు సంఘం నడిపే ఒకావిడ నాకు బాగా తెలుసు. ముప్ఫై మంది లెక్కలు పుస్తకం తెరవకుండా చెబుతుంది. సర్పంచిగా నిలబడమని ఊరంతా అడిగింది. అప్పటికే ఆవిడ ఒళ్ళో మూడోది ఉంది. ఆ నామినేషన్ ఫారం నాలుగు మడతలు పెట్టి బియ్యం డబ్బా అడుగున దాచుకుంది, వెళ్ళినప్పుడు తీసి చూపించింది. మడతల దగ్గర కాగితం చిరిగిపోయింది.

బస్సెక్కితే గంట పట్టదు, ఇచ్ఛాపురం వస్తుంది. అక్కడ ఆంధ్రాలో 2024 నవంబరులో ఈ నిబంధన తీసేశారు. జనాభా తగ్గిపోతోంది, పిల్లల్ని కనండి అని తీశారు. నువ్వు ఆ కారణం ఎత్తుకోకు. ఒకప్పుడు తక్కువ కనమని, ఇప్పుడు ఎక్కువ కనమని చెప్పే సర్కారు రెండుసార్లూ ఒకే తప్పు చేస్తోంది. ఆ లెక్క ఆ ఇంటిదని నువ్వు చెప్పు. పైగా ఇది రాష్ట్ర చట్టం, ఢిల్లీ వైపు చూడక్కర్లేదు. ఎమ్మెల్యే అయితే నువ్వే సవరణ పెట్టొచ్చు.

భూమి మాట వచ్చినప్పుడు మాత్రం ఆచితూచి మాట్లాడు. ‘ఎవరి భూమి వాళ్ళు ఎవరికైనా అమ్ముకోవచ్చు’ అని రాశావు. షెడ్యూల్డు ప్రాంతాల్లో గిరిజనుల భూమి బయటివాళ్ళకు పోకూడదని 1956 నాటి రెగ్యులేషన్ ఉంది. 2023 నవంబరులో మంత్రివర్గం దాన్ని సడలించబోయి, గొడవ రేగేసరికి కొద్ది రోజుల్లోనే వెనక్కి తగ్గింది. సూత్రంగా నీ వాక్యం తప్పు కాదు. కానీ ఆ సంతకాలు ఎలా పెట్టించుకుంటారో నేను చూశాను. పాత బాకీ, సారా సీసా, చదవడం రాని భాషలో కాగితం. దాన్ని నేను అమ్మకం అనలేను. ఆ వాక్యం తీసేసి నియమగిరి గురించి రాయి. 2013లో సుప్రీంకోర్టు చెప్పిన మీదట రాయగడ, కలహండి జిల్లాల్లో 12 గ్రామసభలు పెట్టి అడిగారు. పన్నెండు ఊళ్ళూ బాక్సైటు తవ్వకం వద్దన్నాయి. పెద్ద కంపెనీ, దాని వెనకాల రాష్ట్ర ప్రభుత్వం నిలబడి ఉండగా కొండ మీది మనుషులు వద్దంటే వద్దన్నట్టు చెల్లింది. ఆస్తి హక్కు అంటే ఏమిటో అంతకంటే బాగా చెప్పడం నీకూ నాకూ చేతకాదు.

రేషన్ బియ్యం, పింఛన్ల జోలికి పోకు. ఆడవాళ్ళకు ఒడిశా సర్కారు ఇచ్చే సుభద్ర పథకం డబ్బుని కూడా తిట్టకు. అయిదేళ్ళలో 50 వేలు ఆడవాళ్ళ ఖాతాలో పడుతుంది, దేనికి ఖర్చు పెట్టుకోవాలో వాళ్ళిష్టం. సర్కారు చీరలు కొని పంచడం కంటే అది నీ సిద్ధాంతానికే దగ్గర.

ఇంటి విషయం ఒకటి రాయక తప్పదు. నీ తమ్ముడు ఒడియా అమ్మాయిని చేసుకుంటానన్నప్పటి నుంచి నువ్వు వాడితో మాట్లాడడం లేదు. వయసొచ్చిన ఇద్దరు ఇష్టపడి చేసుకున్నారు. వెళ్ళి పలకరించు. ఓట్లకు ముందే వెళ్ళు, ఓట్ల కోసమని ఎవరూ అనుకోకుండా.

పార్టీ పెడతానన్నావు, వద్దు. పార్టీ రిజిస్టర్ కావాలంటే సోషలిజానికి విధేయంగా ఉంటామని నియమావళిలో రాయాలి. ప్రజాప్రాతినిధ్య చట్టంలో 1989 నుంచి ఆ షరతు ఉంది. నమ్మనిదాని కింద సంతకం పెట్టకు. స్వతంత్ర అభ్యర్థిగా నిలబడు, తాతయ్య పార్టీ పేరు కూడా కలిసొస్తుంది. డిపాజిట్ పది వేలు. చెల్లిన ఓట్లలో ఆరో వంతుకు మించి రాకపోతే అది పోతుంది. అది నేనిస్తాను. నియోజకవర్గం ఓటర్లు పదిమంది నీ పేరు ప్రతిపాదించాలి. మొదటి సంతకం నాది. మిగతా తొమ్మిదిలో అయిదైనా ఒడియా ఇళ్ళవి ఉండాలి.

అన్నిటికంటే ముందు చేయాల్సిన పని ఇది. నీ ఓటు ఇంకా హైదరాబాద్‌లోనే ఉంది. ఒడిశాలో ఓటరువి కానిదే ఒడిశా అసెంబ్లీకి నిలబడలేవు, ఇక్కడ కాపురం ఉండనిదే ఇక్కడ ఓటు రాదు. 2029 దూరమేం కాదు. మేడ మీద గదిలో అప్పడాల చాపలు, ఖాళీ జాడీలు కిందికి దింపించాను. సున్నం వేయించాను. ఉత్తరం వైపు కిటికీ రెక్క బిగుసుకుపోయింది, వడ్రంగి గురువారం వస్తానన్నాడు. నువ్వు ఆదివారం రాత్రి బండికి బయలుదేరు. కరపత్రం మీద ఎర్ర పెన్నుతో గీతలు గీసి పెట్టాను, వచ్చాక ఇద్దరం కూర్చుని తిరగరాద్దాం.

ఇట్లు,
మీ అత్త