ముందు గడువు తేదీ చదువు

2021 ఆగస్టు

చిరంజీవి ప్రసన్నకు,

పెద్దమ్మ ఆశీస్సులు. ఉద్యోగంలో కుదురుకుంటున్నావో లేదో, అప్పుడే మీ విశ్వవిద్యాలయం తరఫున, కరోనా దెబ్బ నుంచి ప్రాంతాలు కోలుకోవడానికి ప్రభుత్వం ఇస్తున్న ఉద్దీపన నిధికి దరఖాస్తు రాసే బాధ్యత నెత్తికెత్తుకున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. వినగానే కడుపు నిండిపోయింది. ఫోను పెట్టేశాక మాత్రం దిగులు పట్టుకుంది. అమెరికా విశ్వవిద్యాలయంలో గ్రాంట్ల కార్యాలయంలోనే నా ఉద్యోగమంతా గడిచింది. ఇలాంటి డబ్బు రావడమూ చూశాను, అయిపోవడమూ చూశాను. అందుకే ఈ ఉత్తరం.

తేలికైనవి ముందు చెప్పేస్తాను. ప్రకటన మొత్తం చదువు, సారాంశంతో సరిపెట్టుకోకు. తొలి దశ గడువు అక్టోబరు 19 కదా, నీ మటుకు అది 12 అనుకో. 2009 వసంతంలో, ప్రభుత్వ గ్రాంట్లకు దరఖాస్తులు పంపే గ్రాంట్స్.గవ్ వెబ్‌సైటు రద్దీకి తట్టుకోలేకపోతే కొన్ని సంస్థలు వేరే మార్గాల్లో దరఖాస్తులు తీసుకోవలసి వచ్చింది. రిజిస్ట్రేషన్లు, అధికారిక సంతకాలు మీ గ్రాంట్ల కార్యాలయం చూసుకుంటుంది. వాళ్లకు ఈ రోజే కబురు పెట్టు.

మొన్న మార్చిలో వచ్చిన కరోనా సహాయ చట్టం, అమెరికన్ రెస్క్యూ ప్లాన్‌లో ఉన్నత విద్యకు దాదాపు 4,000 కోట్ల డాలర్లున్నాయి, అందులోంచి ఏదో సర్దుతామని పైవాళ్లు అంటే నమ్మి కూర్చోకు. మీలాంటి ప్రభుత్వ విశ్వవిద్యాలయం తనకొచ్చిన దాంట్లో కనీసం సగం విద్యార్థులకే సాయంగా ఇవ్వాలి. నువ్వు రాస్తున్నది ఆర్థికాభివృద్ధి సంస్థ, అదే ఈడీఏ, పెట్టిన 100 కోట్ల డాలర్ల ప్రాంతీయ పోటీకి. మొదట 50, 60 కూటములను (అంటే ఒక ప్రాంతంలోని సంస్థలు కలిసి కట్టిన జట్లను) ఎంపిక చేసి ప్రణాళిక కోసం తలా 5 లక్షల డాలర్లు ఇస్తారు. వాటిలోంచి 20, 30 కూటములకే పెద్ద మొత్తాలు, గరిష్ఠంగా 10 కోట్లు. ఇది పరిశోధన కోసం ఇచ్చే డబ్బు కాదు తల్లీ. ఆ ప్రాంతంలో ఎవరికి పని దొరుకుతుందో, ఏ పరిశ్రమ నిలబడుతుందో చెప్పమని అడుగుతున్నారు. నీ ల్యాబ్ గొప్పతనం అర పేజీలో ముగించు.

ఇక అసలు సంగతి. 2009 ఫిబ్రవరి 17న ఒబామా సంతకం పెట్టిన రికవరీ చట్టం, అంటే అప్పటి ఉద్దీపన చట్టం, అంచనా వ్యయం 78,700 కోట్ల డాలర్లు. అందులో జాతీయ ఆరోగ్య సంస్థలకు, అదే ఎన్‌ఐహెచ్‌కు, 1,040 కోట్లు దక్కాయి. నేషనల్ సైన్స్ ఫౌండేషన్‌కు 300 కోట్లు. ఎన్‌ఐహెచ్ వెంటనే ఛాలెంజ్ గ్రాంట్లు ప్రకటించింది: రెండేళ్లకు గరిష్ఠంగా 10 లక్షల డాలర్లు. 20,000కు పైగా దరఖాస్తులు వెళ్లాయి. నిధులు దక్కిన ఆ కొద్దిమందిలో మా ప్రొఫెసర్ ఒకరున్నారు. పేరు రాయను. మంచి శాస్త్రవేత్త, మంచి మనిషి కూడా.

ఆయన ఇద్దరు పోస్ట్‌డాక్‌లను (పీహెచ్‌డీ అయ్యాక తాత్కాలికంగా పనిచేసే పరిశోధకులను), ఒక టెక్నీషియన్‌ను తీసుకున్నారు. కాగితం మీద రెండేళ్లని ఉన్నా ఫలితాలు బాగుంటే డబ్బు అదే వస్తుందని అందరికీ భరోసా ఇచ్చారు. ఆ మాట నమ్మి ఒకతను పిల్లలతో సహా వేరే రాష్ట్రం నుంచి కాపురం మార్చేశాడు. ఇంకొకతని వీసా ఆ ఉద్యోగంతోనే ముడిపడి ఉంది. ఫలితాలు నిజంగానే బాగా వచ్చాయి, మంచి పత్రికల్లో వ్యాసాలూ వచ్చాయి. కానీ ఆ చట్టం కింద డబ్బు 2010 సెప్టెంబరు 30 లోపు కేటాయించి తీరాలి. అంటే దేశమంతటా అలాంటి రెండేళ్ల గ్రాంట్లన్నీ ఇంచుమించు ఒకే కాలంలో ముగిశాయి. ఆ ల్యాబులన్నీ ఒక్కసారిగా మామూలు గ్రాంట్ల వరుసలోకి వచ్చి నిలబడ్డాయి. వరుస పెరిగింది, డబ్బు పెరగలేదు. పైగా 2013లో సీక్వెస్ట్రేషన్ అనే ప్రభుత్వ ఖర్చుల మూకుమ్మడి కోత వచ్చి ఎన్‌ఐహెచ్ బడ్జెట్‌లో 5 శాతం ఊడింది.

గడువు పొడిగింపు దొరికిందని ఆయన సంతోషంగా మా గదికి వచ్చిన రోజు నాకు బాగా గుర్తు. కాగితం బల్ల మీద పెట్టి వేలితో చూపించాను. కాలం: 12 నెలలు. అదనపు నిధులు: సున్నా. ఆయన ఆ వరుసను మళ్లీ మళ్లీ చదివారు. ముగ్గురికీ ఆయనే చెప్పుకోవలసి వచ్చింది. టెక్నీషియన్ చివరి వారాల్లో ఫ్రీజరులోని పెట్టెలన్నిటికీ చీటీలు మార్చి, ఏ అరలో ఏముందో ఒక పుస్తకంలో రాసి పెట్టి వెళ్లింది. ఆ పుస్తకం తెరిచేవాళ్లు ఆ తర్వాత ల్యాబులో లేరు.

పక్క విభాగం వాళ్లూ అదే డబ్బు తెచ్చుకున్నారు. ఏళ్లుగా మూలపడి ఉన్న సమాచారాన్ని విశ్లేషించడానికి ఒక గణాంక నిపుణుడిని రెండేళ్లకే అని స్పష్టంగా చెప్పి తీసుకున్నారు, ఒక పరికరం కొన్నారు. గడువు ముగిసేసరికి పని ముగిసింది, పరికరం మిగిలింది. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవడమంటే అది. (పరికరం కొంటే వారంటీ తర్వాత దాని మరమ్మతులకు ఎవరు కడతారో ముందే రాయించుకో. డీన్ నోటిమాట చాలదు.)

నీ గురించి నాకున్న భయం ఇదే. చిన్నప్పుడు పరీక్షకు వెళ్లి, పక్కపిల్ల ఏడుస్తోందని ఉన్న ఒక్క పెన్సిలూ ఇచ్చేసి ఖాళీ కాగితంతో కూర్చున్నావు. అడిగినవాళ్లకు కాదని చెప్పడం నీకు చేతకాదు. డబ్బు ఇంకా రాలేదు, అప్పుడే నలుగురికి ఉద్యోగాలు ఖాయమన్నావట! ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. కోప్పడుతున్నానని అనుకోకు. వాళ్లందరి ముఖాలూ రేపు నువ్వే చూడాలి. ఉద్యోగ ప్రకటనలో చివరి తేదీ రాయి, ఇంటర్వ్యూలో నోటితో మళ్లీ చెప్పు. ఆఖరి ఆరు నెలల్లో ఎవరి జీతం ఎక్కడి నుంచి వస్తుందో ఒక పట్టిక గీయి. అందులో ఖాళీ గడి మిగిలితే ఆ ఉద్యోగం సృష్టించకు.

లెక్కల సంగతి కూడా. రికవరీ చట్టం కింద ప్రతి మూడు నెలలకు, త్రైమాసికం ముగిసిన పది రోజుల్లో, ఎన్ని ఉద్యోగాలకు జీతమిచ్చారో గంటల్లోంచి లెక్కగట్టి పంపాలి. ఆ లెక్క కట్టే పద్ధతినే 2009 డిసెంబరులో మార్చేశారు. అప్పుడు గట్టెక్కింది పనిగంటలు రోజువారీగా రాసుకున్నవాళ్లే. మీకు ఎలాంటి నివేదికలు అడుగుతారో ప్రకటనలో ఉంటుంది. ఆ పనికి సగం జీతమైనా బడ్జెట్‌లో పెట్టు. లేకపోతే అది నీ రాత్రుల్లోంచి పోతుంది, టెన్యూర్‌కు, అంటే ఉద్యోగం శాశ్వతం కావడానికి, కావలసిన వ్యాసాలూ అందులోనే పోతాయి. కూటమికి నాయకత్వం నీకెంత గౌరవమో నాకు తెలుసు. అయినా సీనియర్ ప్రొఫెసర్ ఎవరైనా ముందుంటే నువ్వు ఒక్క భాగం పట్టుకో చాలు. కుదరదంటే టెన్యూర్ గడువు పెంచుతామని ముందే రాతపూర్వకంగా తీసుకో.

బడ్జెట్ చిత్తుప్రతి తయారు కాగానే నాకు పంపు. సిబ్బంది పేజీ ముందు పంపు, మిగతావి తర్వాత చూడవచ్చు. రాత్రి ఎంత పొద్దుపోయినా ఫోను చెయ్యి, నేను మేలుకునే ఉంటాను.

ప్రేమతో,
మీ పెద్దమ్మ