చుట్టాలొస్తే తలుపేసుకుంటున్నాడు

ప్రశ్న: మాది చిత్తూరు. మా అబ్బాయికి 16 ఏళ్లు. తిరుపతిలో హాస్టల్లో ఉండి ఇంటర్ ఫస్టియర్ చదివాడు. సెలవులకు ఇంటికొచ్చి నెల దాటింది, గదిలోంచి కదలడు. సరిగా తినడు, రాత్రంతా మేలుకుంటాడు. గంగ జాతరకు రమ్మంటే విసుక్కున్నాడు. చుట్టాలొస్తే తలుపేసుకుంటాడు, వాళ్లడిగినదానికి నేనే ఏదో చెప్పి పంపిస్తున్నా. క్లాసులో జవాబు చెప్పబోయి తడబడితే అందరూ నవ్వారని ఒకసారి అన్నాడు. వాళ్ల నాన్న పొగరంటారు. ఏం చేయాలి?

జవాబు: పొగరున్నవాడికి ఎదుటివాళ్లు ఏమనుకుంటే ఏమిటమ్మా? మీ అబ్బాయికి బెంగంతా అదే. నలుగురూ ఏమనుకుంటారోనన్న ఈ భయాన్ని సోషల్ యాంగ్జైటీ అంటారు. నవ్విన పిల్లలు ఆ సాయంత్రానికే మరిచిపోయి ఉంటారు. ఇతను మాత్రం రాత్రిళ్లు మేలుకుని గొంతు వణకడం, చెమట పట్టడం, అందరూ తిరిగి చూడడం, మళ్లీ మళ్లీ తలచుకుంటూ ఉండొచ్చు. ఇలాంటి పిల్లలకు నలుగురిలో ఉన్నప్పుడు ధ్యాసంతా తమ మీదే ఉంటుంది, ఎదుటివాళ్ల మాట మీద ఉండదు. అందుకే ఇంకా తడబడతారు. డిప్రెషన్ తోడైతే ‘నేనింతే, దేనికీ పనికిరాను’ అన్న నమ్మకం గట్టిపడుతుంది.

తలుపేసుకుంటే ఆ పూటకు టెన్షన్ తగ్గుతుంది. కానీ బయటికొస్తే ఏమీ కాదని తెలిసే దారి మూసుకుపోతుంది. స్నేహితులు, ఆటలు ఒక్కొక్కటే దూరమై దిగులు ముదురుతుంది. టీనేజీలో చాలాసార్లు ముందు ఈ భయం, వెనకే డిప్రెషన్ వస్తాయి. ఈ వయసు దిగులు చిరాకుగానూ బయటపడుతుంది. మీవారికి పొగరుగా కనిపిస్తున్నది అదే కావచ్చు.

అతని బదులు మీరు జవాబు చెప్పడం ప్రేమతోనే. అయినా ‘నావల్ల కాదు’ అని అతనికి రూఢి చేస్తున్నది అదే, మానేయండి. అలాగని పెళ్లిపందిట్లోకి లాక్కెళ్లొద్దు. వీధి చివర కొట్టుకెళ్లి పెరుగు ప్యాకెట్ తెమ్మనండి. అది అలవాటయ్యాక ఒక్క స్నేహితుణ్ని ఇంటికి పిలవమనండి. ఇలాంటివి చేశాక ‘చూశావా, ఏమైంది?’ అని క్లాసు పీకొద్దు. పక్కింటి పిల్లలతో పోలికలు అసలే వద్దు.

తిండి, నిద్ర చెడి రెండు వారాలు దాటితే చాలు, డాక్టరుకు చూపించాలి, మీకు నెల దాటింది. తిరుపతి రుయా ఆస్పత్రిలో సైకియాట్రీ విభాగం ఉంది. సీబీటీ అనే థెరపీ (ఆలోచనల తీరును, అలవాట్లను మార్చే మాటల చికిత్స) ఈ భయానికీ, డిప్రెషన్‌కూ పనిచేస్తుంది, మందుల సంగతి డాక్టరు చూస్తారు. ఈలోగా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఏ వేళకైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు. ‘చచ్చిపోవాలనిపిస్తోందా నాన్నా?’ అని సూటిగా అడగండి. అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు. అవునంటే ఒంటరిగా వదలకుండా ఆ రోజే తీసుకెళ్లండి. వెళ్లేటప్పుడు మీవారినీ వెంటబెట్టుకెళ్లండి, డాక్టరు మాట ఆయన చెవినా పడాలి.